మధ్య గొంతు

ఓడ దిగాక ఇంటికి రానని ఓడ ఎక్కకముందే మా ఆయనకి చెప్పేశాను. అప్పుడు పెట్టెలు సర్దుకుంటున్నాం.

"రేవులో దిగి అటునుంచి అటే మా అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ ఎప్పుడొస్తానో, అసలొస్తానో రానో నాకే తెలీదు," అన్నాను.

ఆయన చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తిచేసి, పెట్టెలో పెట్టి, తలూపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకని అడగచ్చు. వెళ్తే వెళ్ళు, పీడా విరగడైంది అనచ్చు. కనీసం ఆ చొక్కా విసిరికొట్టచ్చు. ఏదీ లేదు. ఈ తలూపుడు పడలేకే కదా వెళ్ళిపోతానంటున్నాను! దానికీ తలే ఊపాడు.

ఆయన ఒక పత్రిక ప్రెస్సులో మిషన్ మీద పనిచేశాడు. సర్వీసంతా రాత్రి డ్యూటీయే. నేను బస్సుల ఎంక్వైరీలో ఫోను దగ్గర, సర్వీసంతా పగలే. నేను లేచేసరికి ఆయన వచ్చి ఉండేవాడు, నేను ఇల్లు చేరేసరికి ఆయన బయల్దేరబోతూ ఉండేవాడు. ఇద్దరికీ కలిపి దొరికేది సాయంత్రం ఓ గంట. ఆ గంటా నేనే మాట్లాడేదాన్ని. ఆ రోజు ఎవరెవరు ఫోను చేశారో, ఏమేం అడిగారో, నేనేం చెప్పానో అంతా వాగేదాన్ని. ఆయన టీ తాగుతూ వినేవాడు, పోనీ వింటున్నట్టు కనిపించేవాడు. అలా మా కాపురం ఏ గొడవా లేకుండా గడిచిపోయింది. ఇద్దరం ఒకే ఏడాది రిటైరై, రోజంతా ఎదురుబొదురుగా కూర్చోవాల్సి వచ్చాకే తెలిసింది, నేను కట్టుకున్నది మనిషినా, గోడనా అని.

ఆయన ఇంట్లో ఉంటే ఉన్నట్టే తెలీదు. మునివేళ్ళ మీద నడుస్తాడు. గిన్నె గట్టు మీద పెడితే చప్పుడు కాదు, తలుపు వేస్తే చప్పుడు కాదు. నేను కూరలు తరుగుతుంటే వచ్చి వెనకాల నిలబడతాడు, తిరిగి చూసి నేను కెవ్వుమంటాను. ఏదైనా అడిగితే తలూపుతాడు, మరీ తప్పదనుకుంటే గుసగుసగా ఒక ముక్క అంటాడు. జీవితమంతా నోటితో బతికినదాన్ని. ఆఖరికి రేడియోలో వార్తలు చదివే అమ్మాయికి జవాబులు చెప్పటం మొదలుపెట్టాను. ఒకరోజు ఆ అమ్మాయి "నమస్కారం" అంటే, "నమస్కారమమ్మా, టిఫినయిందా" అని అడిగి, నాకే భయమేసింది. మా అక్కయ్య ఒక్కతే ఉంటోంది, అది నిద్రలో కూడా మాట్లాడుతుంది. దాని దగ్గరికి పోతే ప్రాణం కుదుటపడుతుందనుకున్నాను.

మధ్యలో ఈ ఓడ వచ్చిపడింది. మా అమ్మాయి ఓడల కంపెనీ బుకింగ్ ఆఫీసులో చేస్తుంది. కొత్త ఓడ, మొట్టమొదటి వేసవి, ఉద్యోగుల తల్లిదండ్రులకి రెండు సీట్లిచ్చారట. "ఇన్నాళ్ళూ మీరిద్దరూ కలిసి ఒక్క పూట కూర్చున్నది లేదు. హాయిగా కబుర్లు చెప్పుకుంటూ తిరిగి రండమ్మా," అంది. దాని మొహం చూసి కాదనలేకపోయాను. అక్కయ్య సంగతి దానికి చెప్పలేదు.

ఓడంటే ఓడ కాదది, నీళ్ళ మీద నిలబెట్టిన పెద్ద హోటలు. ఎక్కిన రోజే కెప్టెను అందర్నీ హాల్లో కూర్చోబెట్టి స్వాగతం చెప్పాడు. ఇంత నిశ్శబ్దమైన ఓడ ఇంతవరకూ తాను నడపలేదట. ఇంజన్ చప్పుడు ఏ గదిలోకీ రాదట. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. వెతికి వెతికి మా ఆయనకి తగ్గ ఓడే తెచ్చింది మా అమ్మాయి.

కెప్టెను చెప్పింది అక్షరాలా నిజం. కాలు పెడితే చీలమండదాకా తివాచీ. గది తలుపు ఎంత గట్టిగా తోసినా, చివర్లో ఒక నిట్టూర్పు విడిచి తనంతట తానే మెల్లిగా మూసుకుంటుంది. సొరుగులూ అంతే, బాత్రూములో మూతా అంతే. కోపమొస్తే విసిరికొట్టడానికి ఆ గదిలో ఒక్క వస్తువు లేదు. అద్దాల తలుపు అవతల సముద్రం అంతా కనిపిస్తుంది గానీ, దాని చప్పుడు కూడా లోపలికి రాదు. ఆ గదిలో మేమిద్దరం. ఆయన మంచానికి అటువైపు కూర్చుని సముద్రం చూస్తాడు, నేను ఇటువైపు కూర్చుని ఆయన్ని చూస్తాను.

"బాగుంది కదూ?" అంటాను.

తలూపుతాడు.

"బాగాలేదు కదూ?" అంటాను.

దానికీ తలూపుతాడు.

నాకు కాలు నిలవలేదు. పొద్దున్నే లేచి ఓడంతా తిరగటం మొదలుపెట్టాను. లిఫ్టులో పైకి, మెట్ల మీంచి కిందకి, ఈత కొలను చుట్టూ, లైబ్రరీలోకి, మళ్ళీ బయటికి. ఓడ కొత్తది, దారులన్నీ ఒకేలా ఉంటాయి, జనం ఎక్కడికి పోవాలో తెలీక దిక్కులు చూస్తూ నిలబడేవాళ్ళు. నాకు నోరు ఊరుకుంటుందా? "ఏం కావాలండీ? నాటకాల హాలా? నాలుగో అంతస్తు, ఎడమచేతి వైపు," అని చెప్పేసేదాన్ని. చెప్పగా చెప్పగా నేను కంపెనీ మనిషిననుకుని వెతుక్కుంటూ రావటం మొదలుపెట్టారు. తెలీదని చెప్పే అలవాటు నాకు సర్వీసులోనే లేదు. ఒకసారి ఒక కుటుంబాన్ని, ముసలీ ముతకాతో సహా, సరాసరి వంటగదిలోకి పంపించాను. ఆ తర్వాత రెండు పూటలు ఆ అంతస్తులో తిరగలేదు.

భోజనాల దగ్గర మా బల్లకి ఒక ముత్యాల దండ ఆవిడ వచ్చేది, భర్తతో సహా. ఆ భర్త సూప్ మొదలుకొని పండ్ల ముక్కలదాకా తన మోకాళ్ళ నొప్పి గురించే చెప్పేవాడు.

ఒకరోజు ఆవిడ నావైపు వంగి, "మీవారు ఎంత నెమ్మదస్తులండీ! గొంతే వినపడదు. అదృష్టవంతులు," అంది.

"కావాలంటే ఈ ప్రయాణం అయ్యేదాకా మార్చుకుందామండీ," అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వింది. మా ఆయన కూడా కొంచెం నవ్వాడు. నేను నవ్వలేదు.

మొదటి వారం గడిచాక ఆయనలో ఒక మార్పు కనిపించింది. మధ్యాహ్నం భోంచేసి, "నడిచొస్తా," అని గొణిగి మాయమయ్యేవాడు. సాయంత్రం టీ వేళకి తిరిగొచ్చేవాడు. మొహంలో ఏదో కళ. దగ్గరికొస్తే వేడి సబ్బు వాసన. చొక్కా చూస్తే కత్తిలాంటి ఇస్త్రీ మడత. ఎక్కడికెళ్ళారంటే, "ఊరికే, నడిచి," అనేవాడు. ఆ రెండు మాటలకే అలిసిపోయినట్టు సోఫాలో వాలిపోయేవాడు. నేను కొత్త చీర కడితే చూడని మనిషి చొక్కా ఇస్త్రీ చేయించుకుంటున్నాడంటే ఏమనుకోవాలి? ఈ వయసులో, ఈ మనిషి మీద నాకు అనుమానం! అక్కయ్యకి చెబితే కడుపు పట్టుకుని నవ్వేది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకో పక్క, పోతే పోయాడులే, ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. సర్దిచెప్పుకున్న కాసేపటికే మళ్ళీ లేచి వరండాలన్నీ కొలిచేదాన్ని.

ఆ తర్వాత ఒకరోజు సముద్రం అల్లకల్లోలమైంది. ఇంత ఓడా ఊగటం మొదలుపెట్టింది. అందరినీ గదుల్లో ఉండమన్నారు. చాలామంది వాంతులతో మంచాలెక్కారు. భోజనానికి సగం మంది రాలేదు. మా ఆయన మాత్రం భోంచేసి, నడిచొస్తానని వెళ్ళి, ఎంతకీ రాలేదు. ఎక్కడైనా జారిపడ్డాడా? పడినా ఈ మనిషి అరవడే, ఎవరికి తెలుస్తుంది? గోడ కమ్మీలు పట్టుకుని ఒక్కో అంతస్తూ దిగుతూ వెతికాను. లైబ్రరీలో లేడు. జిమ్‌లో లేడు. డాక్టరు గదికీ రాలేదన్నారు.

అన్నిటికన్నా కింది అంతస్తులో తివాచీ అయిపోయింది. ఉత్త ఇనప నేల. అక్కడ మొదటిసారి ఓడ చప్పుడు విన్నాను, కాళ్ళ కిందనుంచి వస్తోంది. వరండా చివర లాండ్రీ. అరడజను పెద్ద పెద్ద మిషన్లు ఒకేసారి గిర్రున తిరుగుతున్నాయి. ఆ మోతలో ఎవరో మగమనిషి ఖంగుమనే గొంతుతో కథ చెబుతున్నాడు. మంచి గొంతు. నిండుగా ఉంది, ఎగతాళి ఉంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది. ఎవరబ్బా ఈ మాటకారి అనుకుంటూ తలుపు పక్కనుంచి తొంగిచూశాను.

మా ఆయన. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ తిప్పుతూ చెబుతున్నాడు. ఎదురుగా లాండ్రీ పెద్దాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి వింటున్నాడు. ఉతికిన బట్టల కోసం కాచుక్కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు.

"ఒకావిడ ఫోను చేసి, 'ఏడో నంబరు బస్సొచ్చిందా అమ్మా?' అంది. మా ఆవిడ, 'వచ్చిందమ్మా' అంది. 'డ్రైవరు దిగాడా?' 'దిగాడు.' 'మొహం ఎలా పెట్టాడు?' ఎంక్వైరీలో మొహాలు కూడా చెప్పాలా అని మా ఆవిడ అడిగితే, 'ఆయన మా ఆయనేనమ్మా, పొద్దున పోట్లాడుకున్నాం. కోపంగా ఉంటే ఇవాళ వంట మానేస్తాను, నవ్వుతుంటే పొయ్యి వెలిగిస్తాను, కాస్త చూసి చెప్పు' అంది!"

గదంతా నవ్వు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. మా ఆవిడ కూర్చునే చోటుకి బస్సులూ కనపడవు, డ్రైవర్లూ కనపడరు. ఎదురుగా ఉత్త గోడ. ఐనా ఏమందో తెలుసా? 'నవ్వుతున్నాడమ్మా, మంచి కూర వండు' అంది!"

లాండ్రీ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఎన్ని ఉన్నాయండీ మీ దగ్గర?" అని అరిచాడు.

"నా దగ్గరేముంది, అన్నీ ఆవిడవే! ప్రెస్సులో మావాళ్ళు నేను గేటు దాటగానే అడిగేవాళ్ళు, ఇవాళ మీ ఆవిడ ఏం చెప్పిందని. అది చెబితేగానీ మిషన్ ఆన్ చేసేవాళ్ళు కాదు!"

ఆ ఏడో నంబరు బస్సు కథ నేను ఆయనకి చెప్పింది మా అమ్మాయి బడికి వెళ్ళే రోజుల్లో. చెప్పినప్పుడు ఆయన తలూపి, టీ గ్లాసు కడిగి పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాకంత బాగా గుర్తు.

నేను లోపలికి వెళ్ళలేదు. వచ్చిన దారినే మెల్లిగా పైకొచ్చేసి, ఖాళీ హాల్లో కూర్చుని టీ తెప్పించుకున్నాను. తాగలేదు. ఓడ ఊగుడుకి టీ సాసర్లోకి పొర్లింది, చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. సంతోషమా అంటే కాదు, ముందు కోపమే వచ్చింది. ఊరందరికీ వడ్డించి, నాకు ఖాళీ గిన్నె చూపించినట్టు అనిపించింది.

మర్నాడు సముద్రం నెమ్మదించింది. ఆయన్ని ఓడ వెనక వైపు డెక్ మీదికి తీసుకెళ్ళాను. అక్కడ గాలి హోరు ఎక్కువ, ఎవరూ కూర్చోరు.

"మీకు గొంతుందని నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆయనకి అర్థమైంది. కమ్మీ పట్టుకుని, ఆ హోరుకి తగ్గట్టు గొంతెత్తాడు. "మిషన్ల దగ్గర అరవకపోతే ఎవరికీ వినపడదే!"

"మరి ఇంట్లో?"

"ఇంట్లో... పాప లేస్తుందని."

"పాపకి ముప్పై రెండేళ్ళండీ!"

"తెలుసు." ఆయన సిగ్గుపడ్డాడు. "అప్పుడు ఒకటే గది. పొద్దున్నే నేనొచ్చేసరికి నువ్వూ అదీ నిద్రపోతుండేవాళ్ళు. చీమ చిటుక్కుమన్నా లేచి ఏడ్చేది. నీకేమో డ్యూటీకి టైమయ్యేది. అందుకని చప్పుడు లేకుండా ఉండటం నేర్చుకున్నాను. అలా అలవాటైపోయింది. నాకు రెండే వచ్చు. అరవటం, ఊరుకోవటం. మధ్యలోది రాదు."

"మధ్యలోదేమిటి?"

"అదే, మనుషులు ఇంట్లో మాట్లాడుకునేది."

ఎంక్వైరీలో కొత్తగా చేరిన అమ్మాయిలందరికీ మాట్లాడటం నేర్పింది నేనే. అవతలి మనిషి బల్లకి అటువైపు కూర్చున్నాడనుకుని మాట్లాడు, అరవకు, గొణక్కు అని చెప్పేదాన్ని. ఎందరికో నేర్పినదాన్ని, ఈయనకి నేర్పలేనా అనుకున్నాను. ఆ పూటే గదిలో బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం.

"ఏదైనా మామూలు మాట అనండి," అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళు కావాలా!" అన్నాడు.

పక్క గదిలోవాళ్ళు గోడ మీద కొట్టారు. ఆయన మొహం కందగడ్డయిపోయింది. రెండోసారి ప్రయత్నిస్తే పెదాలు కదిలాయి గానీ ఏమన్నాడో నాకు వినపడలేదు. మూడోసారి మళ్ళీ కేక. నేను విసుక్కోలేదు, విసుక్కోకూడదనే అనుకున్నాను. అయినా నా మొహంలో ఏం కనిపించిందో, ఆయన లేచి అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"వదిలెయ్," అని గొణిగాడు. "మీ అక్కయ్య దగ్గర నీకు కాలక్షేపం అవుతుంది."

అంటే నేను వెళ్ళిపోవటం ఆయనకి ఒప్పుదలే అన్నమాట. ఆ మాట ఇంకెవరన్నా అంటే మంచిమాటనుకునేదాన్ని. ఆయన అనేసరికి గుండెలో గునపం దిగినట్టైంది.

మిగిలిన రోజులు అటూ ఇటూ కాకుండా గడిచాయి. మధ్యాహ్నాలు ఆయన లాండ్రీకి వెళ్ళేవాడు, ఇప్పుడు చెప్పే వెళ్ళేవాడు. నన్నూ రమ్మన్నాడు, నేను వెళ్ళలేదు. అక్కడ పదిమంది మధ్య నా కథలు నేనే వింటూ కూర్చోవటానికి మనసొప్పలేదు. సాయంత్రం వెనక డెక్ మీద గాలిలో కాసేపు అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. బాగుండేది, అబద్ధమెందుకు. కానీ ఇంట్లో గాలెక్కడిది? లోపలికి వచ్చి తలుపు నిట్టూర్చి మూసుకోగానే ఆయన మళ్ళీ మునివేళ్ళ మీదికి వెళ్ళిపోయేవాడు. నేను లేచి వరండాలో పచార్లు చేసేదాన్ని. ఇంతమందిని నవ్వించే మనిషి నా మొగుడని తెలిశాక ఆ మౌనం ఇదివరకటికన్నా ఎక్కువ కోసేది. రేవు చేరే ముందురోజు అక్కయ్యకి ఫోను చేసి, వస్తున్నానని ఖాయం చేశాను. అది గంటసేపు మాట్లాడింది. ఆ గంటలో నేనేం విన్నానో ఒక్క ముక్క గుర్తులేదు.

ఆఖరి రోజు పొద్దున్నే పెట్టెలు గది బయట పెట్టమన్నారు. నాదొకటి, ఆయనదొకటి. ఇద్దరం టిఫిను హాలుకి వెళ్ళాం. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది, క్రేన్లు, లారీలు, జనం. హాలు నిండిపోయింది. ఐనా చెంచా పింగాణీకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ పెద్దింటివాళ్ళలాగా నోట్లోనే మాట్లాడుకుంటున్నారు.

నేను వరసగా అప్పగింతలు మొదలుపెట్టాను. "ఇంటి తాళం చిన్న సంచిలో ఉంది. గ్యాసు వెలిగించేముందు కిటికీ తియ్యండి. పాలవాడికి రేపట్నించి సగమే చాలని చెప్పండి. అమ్మాయికి నేనే చెబుతాను, మీరేం చెప్పకండి."

ఆయన రొట్టె ముక్కకి వెన్న రాస్తూ ప్రతి మాటకీ తలూపాడు. రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రాస్తున్నాడు. ఆ రొట్టె చిరిగిపోయింది.

"మందులు పొద్దున తెల్లవి, సాయంత్రం పసుపువి. మరిచిపోకండి. మా అక్కయ్య ఊరి బస్సు పదింటికే. నేను ముందు దిగుతాను."

తలూపాడు.

ఇక చెప్పటానికేమీ మిగల్లేదు. చేతిసంచి భుజానికి తగిలించుకుని లేచాను. కుర్చీ కాళ్ళు తివాచీ మీద జరిగాయి, చప్పుడు కాలేదు. రెండడుగులు వేశాను.

"వెళ్ళకే!"

హాలు హాలంతా ఉలిక్కిపడింది. ఎవరిదో చెంచా కింద పడింది. వడ్డించే కుర్రాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

"నువ్వు వెళ్తే నాకు కబుర్లెవరు చెబుతారే!"

తిరిగి చూశాను. ఆయన లేచి నిలబడి ఉన్నాడు, చేతిలో వెన్న చాకు అలాగే ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని అప్పుడే తెలిసినట్టుంది, బల్లకింద దూరేవాడిలా భుజాలు కుంచించుకుపోయాయి. మోకాళ్ళ నొప్పి ఆయన కూడా నోరు మూసుకుని చూస్తున్నాడు.

నా కళ్ళు మసకబారాయి. వెనక్కి వచ్చి, సంచి బల్ల మీద పెట్టి, నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. నా సర్వీసంతా ఫోనులో రోజుకి వందసార్లు అన్న మాటే ఆయనతోనూ అన్నాను.

"సరిగ్గా వినపడలేదండీ. ఇంకోసారి చెప్పండి."

ఆయన చెప్పాడు. ఈసారి వంటగదిలోవాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు.